‘వరి’ శబ్దార్థ విమర్శ : నెల్లూరు తీరభాషల వెలుగులో

పదము ఎంత చిన్నదైన, దాని విషయమున విమర్శకుడు అంత జాగరూకుడై యుండవలెను. ఐదారు వర్ణముల దీర్ఘపదము రెండు భాషలలో ఒకే రూపముతో, ఒకే అర్థముతో కన్పట్టినచో ఆ సామ్యమును కాకతాళీయమని త్రోసివేయుట కష్టము. రెండక్షరముల పదమునకు ఆ బలము లేదు. మానవుని నోట పలుకు ధ్వనులు పరిమితములు, భాషలు వేలకొలది. కనుక ఒక చిన్నపదము అనేక భాషలలో వేర్వేరు అర్థములతో వినబడుట ఆశ్చర్యకరము కాదు. ఒకానొకచోట అర్థము సైతము కలియుట కూడ ఆశ్చర్యకరము కాదు. అట్టి సామ్యమును చూచి ఇది వారి నుండి మనకు వచ్చినదనియో, మన నుండి వారికి పోయినదనియో తీర్పు చెప్పుటయే ప్రమాదకరము. ఈ సత్యమును ‘వరి’ అను పదమును ఆధారముగా గొని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ పదమును పరీక్షించుటకు నెల్లూరు తీరమును మించిన తావు లేదు. ఉత్తరమున తెలుగు, దక్షిణమున తమిళము ఇచ్చట శతాబ్దులుగా ఒకే గట్టుమీద నడచినవి. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి పిమ్మట తిరుపతి జిల్లాలో చేరిన సూళ్ళూరుపేట, తడ ప్రాంతములలో ఉభయభాషలు తెలిసినవారు నేటికిని పెక్కురు. బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి పండితులు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు శాసనములను చూచినవారికి వానిలో తమిళశాసనములు ఎన్ని యున్నవో విశదమే. ఇట్టి సీమలో ‘వరి’ అను మాట చెవిని బడినపుడు అది ఏ భాషలోని వరి అని అడుగక తప్పదు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి అర్థము పొలము నుండి బొక్కసమునకు మారును.

తెలుగున వరి యనగా పంట. ఆ పైరు, ఆ మొక్క. గింజను వడ్లు అందుము. దంచిన పిమ్మట బియ్యము. వండిన పిమ్మట అన్నము. ఒకే వస్తువునకు అవస్థాభేదమును బట్టి ఇన్ని పేర్లుండుట ఆ పంటతో ఈ జాతికి గల చిరపరిచయమునకు సాక్ష్యము. వరిచేను, వరిమడి, వరిగడ్డి, వరికోత అను సమాసములలో ‘వరి’ శబ్దము పైరునకు సంబంధించిన సమస్తమును తనతో తీసికొనిపోవును. పెన్నానది నీటితో పండు నెల్లూరి మాగాణములలో మొలకొలుకుల వంటి ప్రసిద్ధమైన వరి పండినది. కనుక ఈ తీరపు తెలుగువానికి వరి యనగా మొదట మనసున మెదలునది పచ్చని మడియే.

ఇక తమిళమున ‘వరి’ యనగా పంట కాదు. పైరునకును గింజకును తమిళులు ‘నెల్’ అనుచున్నారు. తమిళ ‘వరి’కి మొదటి అర్థము గీత, చాఱ. పులియొంటి చాఱలు వరులే. రెండవ యర్థము పన్ను. మూడవది ఒకానొక గేయభేదము. శిలప్పదికారములోని ‘కానల్‌వరి’ అను భాగము సముద్రతీరపు తోపులలో పాడిన పాటల కూర్పు. గీత, పన్ను, పాట అను ఈ మూడింటికిని వరిపైరుతో ఏ సంబంధమును లేదు. గీత యను నర్థము గల తమిళశబ్దమునకు చుట్టములు తెలుగున వేఱుగా నున్నవి. తమిళమున ‘వరై’, కన్నడమున ‘బరె’, తెలుగున ‘వ్రాయు’ ఒకే మూలమునుండి వచ్చినవని ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. గీయుటయే వ్రాయుటకు మొదలు. అనగా తమిళ ‘వరి’కి తెలుగున నిజమైన తోబుట్టువు ‘వరి’ కాదు, ‘వ్రాత’. రూపసామ్యము చూపిన దారి ఒకటి. ధ్వనిసూత్రము చూపిన దారి మరియొకటి.

ఈ భేదము గుర్తింపకున్న శాసనపఠనమున ఎట్టి చిక్కు వచ్చునో చూడుడు. చోళుల పరిపాలనలో భూమిపన్ను వ్యవహారములను నడపిన శాఖకు ‘పురవువరి తిణైక్కళము’ అని పేరు. పన్నుల చిట్టా ‘వరిప్పొత్తకము’. తెలుగు మాత్రమే ఎఱిగిన పాఠకుడు ఈ రెండవ మాటను చూచి, వడ్ల లెక్కలు వ్రాయు పుస్తకమని భావించుట సులభము. అందునను, చోళకాలమున పన్ను కొంత ధాన్యరూపముననే చెల్లుచుండెను గనుక ఆ తప్పుటర్థము సందర్భమున కూడ చక్కగా పొసగినట్లే తోచును. సందర్భమునకు పొసగని తప్పు తనంత తాను బయటపడును. పొసగిన తప్పు తరతరములు నిలుచును. చిన్నపదము వలని అపాయమంతయు ఇందే యున్నది.

మలయాళమునకు పోయినచో చిక్కు మరింత ముదురును. ఆ భాషలో ‘అరి’ యనగా బియ్యము, ‘వరి’ యనగా గీత, వరుస, పన్ను. తెలుగున ‘వరి’ యనగా పంట. ‘అరి’ యనగా కప్పము, పన్ను అని మన నిఘంటువులు చెప్పుచున్నవి. పన్ను చెల్లించు కాపునకు ‘అరికాపు’, ‘అరిగాపు’ అని పేరు. మలయాళమున వకారము లేనిది ఆహారము, ఉన్నది పన్ను. తెలుగున వకారము ఉన్నది ఆహారము, లేనిది పన్ను. రెండు భాషలును ఒకే రెండు శబ్దములను తీసికొని అర్థములను తారుమారు చేసికొన్నట్లున్నది. చూచుటకు ఇంత సొంపైన వైపరీత్యము మరియొకటి దొరకదు. కాని సొంపు ప్రమాణము కాదు. ఈ నాలుగు శబ్దములను ఒక్కొక్కటిగా విడదీసి వాని పుట్టుక విచారింపవలసియున్నది.

మొదట ధాన్యార్థము. తెలుగు ‘వరి’కి దగ్గరి చుట్టములు మధ్యద్రావిడ భాషలలోను, గోండీలోను కలవు. గోండీలో వడ్లకు ‘వంజి’ యనియు, పర్జీలో ‘వెర్చి’ యనియు వ్యవహారము. ఈ రూపములను బట్టి మూలద్రావిడమున వకారాదియై, నడుమ రేఫతోను అనునాసికముతోను కూడిన ఒక ధాన్యవాచకముండెనని పండితులు ఊహించిరి. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) ఇట్టి విచారమునకు పునాది వేసినది. తమిళ ‘అరిశి’, మలయాళ ‘అరి’ శబ్దములు కూడ ఈ కుటుంబములోనివే అని కొందరి మతము. దీనికి ఒక ఆక్షేపము కలదు. తమిళమున పదాది వకారము సామాన్యముగా నిలిచియుండును. ‘వేర్’ వేరే యైనది, ‘వలై’ వలయే యైనది. ఇట వకారము ఏల లోపించెనో చెప్పనిదే ఆ మతము సంపూర్ణముగా సిద్ధింపదు.

వరికి ప్రక్కనే మరియొక ధాన్యకుటుంబము కలదు. తెలుగు ‘వరిగ’, తమిళ ‘వరగు’, కన్నడ ‘బరగు’ అనునవి చిరుధాన్యముల పేర్లు. తెలుగు తమిళముల వకారమునకు కన్నడమున బకారము వచ్చుట నియతము. వేరు కన్నడమున ‘బేరు’, వ్రేలు ‘బెరళు’. కనుక వరిగ, వరగు, బరగు శబ్దముల సంబంధము చెవికి తోచినది మాత్రమే కాదు, సూత్రబద్ధము. అయినను అర్థము మూడుచోట్ల ఒకటి కాదు. తెలుగు వరిగయు, కన్నడ బరగును ఒక ధాన్యము. తమిళ వరగు మనము ఆరికలనునది. మరాఠీలో ‘వరీ’ యనగా ఉపవాసదినములలో వండుకొను ఒక చిరుధాన్యము. తెలుగువాడు పూనా నగరమున అంగడికి పోయి వరి నడిగినచో అతనికి దొరకునది ఈ చిరుధాన్యమే. పేరు నిలిచి వస్తువు మారుట పంటల పేర్లలో సామాన్యధర్మము. జాతి వలసపోయినపుడు పేరు వెంటవచ్చును. నేల మాత్రము తన పంటనే ఇచ్చును.

ఇక పన్ను అను నర్థము. ఇచ్చట నెల్లూరి సాహిత్యచరిత్రకే సంబంధించిన ఒక ముఖ్యశబ్దము మన యెదుట నిలుచును, అది ‘పుల్లరి’. పసుల మేపునకై చెల్లించు పన్ను పుల్లరి. కొమ్ములవారు గానము చేయు కాటమరాజు కథకు ఈ పన్నే మూలము. కఱవుకాలమున ఆలమందలను తోలుకొని నెల్లూరి సీమ పచ్చికలకు వచ్చిన కాటమరాజునకును, ఆ సీమ నేలిన తెలుగుచోడరాజు నల్లసిద్ధికిని పుల్లరి విషయమున ఒడంబడిక చెడి యుద్ధము వచ్చినదని కథ. తిక్కన సోమయాజి దాయాదియైన ఖడ్గతిక్కన ఆ పోరులో పడెనని ప్రసిద్ధి. కథలోని రాజునకును చరిత్రలోని రాజులకును గల సంబంధమును గూర్చి చరిత్రకారులలో అభిప్రాయభేదములు కలవు. కాని పుల్లరి కొఱకు ప్రాణములు పోయినవని ప్రజాస్మృతి నిలుపుకొన్నదనుటలో సందేహము లేదు.

ఈ ‘పుల్లరి’ని ఎట్లు విడదీయవలెను? ‘పుల్లు’ అనగా గడ్డి. తమిళమునను ‘పుల్’ గడ్డియే. ఉత్తరపదము తమిళ ‘వరి’యా, తెలుగు ‘అరి’యా? పుల్ + వరి అనుకొన్నచో, లకారము తరువాత వకారము లకారమున లీనమై పుల్లరి కావచ్చును. ఇంటిపన్నుకు గల ‘ఇల్లరి’ శబ్దము కూడ ఇట్లే ఇల్ + వరి కావచ్చును. రెండింటను వకారమునకు ముందు లకారమే యుండుట ఈ వాదమునకు అనుకూలము. ఈ రెండు పదములే మనకు మిగిలియుండినచో, పన్ను అను భావమును తెలుగువారు తమిళ పాలకుల నుండి గ్రహించిరనియు, పదము కూడ దానితో వచ్చినదనియు వాదించుట సాధ్యమయ్యెడిది. కాని ‘అరిగాపు’ శబ్దమున అరి పదాదిని ఉన్నది. అచ్చట దానికి ముందు లకారము లేదు. వకారమును మింగివేయుటకు ఏ హల్లును లేదు. తెలుగున పదాది వకారము ఊరక లోపింపదని వల, వాన, వేరు మొదలగునవి చెప్పుచున్నవి. కనుక అరి తెలుగున స్వతంత్రశబ్దముగా ఉండినదనియు, పుల్లరి ఇల్లరులు పుల్లు + అరి, ఇల్లు + అరి అను సహజమైన సంధితోడనే సిద్ధించినవనియు చెప్పుట న్యాయము. సమీపమున తమిళ ‘వరి’ యున్నదన్న మాత్రమున దానిని పిలువనక్కరలేదు. ఇంటిలో దీపముండగా పొరుగింటికి నిప్పునకు పోవుట ఏల?

ఇచ్చటనే మరియొక పొరపాటునకు అవకాశము కలదు. తెలుగున ‘అరి’ యను తద్ధితప్రత్యయ మొకటి కలదు. నేర్పరి, తీర్పరి, కుమ్మరి మొదలగునవి దానితో ఏర్పడినవి. పసులను కాచువాడు కాపరి. కాటమరాజు కథయంతయు కాపరికిని పుల్లరికిని నడుమ జరిగిన కలహమే. వినుటకు రెండును ఒకే తీరున ముగిసినను, ఒకదాని చివర నున్నది మనిషి, రెండవదాని చివర నున్నది పన్ను. సంస్కృతమునుండి వచ్చిన ‘అరి’ శత్రువాచకము. ఈ మూడు అరులను ఏకము చేసి, పన్ను ప్రజకు శత్రువు గనుక అరి యనబడెనని చమత్కరింపవచ్చును. చమత్కారమునకు అది చాలును, వ్యుత్పత్తికి చాలదు. అట్లని ఆ చమత్కారములో బాధ లేదనజాలము. 1921–22లో పల్నాటి సీమలో అడవిమేపు పన్నునకు ఎదురునిలిచి, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించిన ఉద్యమమునకును పుల్లరి సత్యాగ్రహమనియే పేరు. కాటమరాజు నాటి మాట ఏడు శతాబ్దుల తరువాత కూడ ప్రజల నోట అదే యర్థముతో, అదే వేడితో నిలిచినది. రాజులు మారిరి, రాజ్యములు మారినవి, మాట మారలేదు.

హ్రస్వదీర్ఘభేదమును పాటింపనివారు ఈ సముదాయమున మరికొన్ని పదములను చేర్చుదురు. సంస్కృత ‘వారి’ నీరు. తెలుగు ‘వారి’ సర్వనామపు షష్ఠీరూపము. ఉత్తరమేరూరు శాసనములలో (క్రీ. శ. 919, 921) కన్పట్టు ‘వారియము’ గ్రామసభ నియమించిన సంఘము; చెరువును చూచుకొను సంఘము ఏరివారియము. 1801లో నెల్లూరు మండలము ఆర్కాటు నవాబు చేతినుండి కుంపిణీ వశమైనది. పిమ్మట ఈ సీమకు వచ్చిన ‘రైతువారీ’ పద్ధతిలోని ‘వారీ’ పారసీ వ్యవహారము నుండి వచ్చినది. మరాఠీ ‘వారీ’ పండరిపుర యాత్ర. వరికి వారి నీరు గావలెను గనుక రెండును ఒకటే యని చెప్పువారు కలరు. అట్లయినచో రైతువారీకిని రైతు పండించు వరికిని చుట్టరికము కట్టవలసివచ్చును. దీర్ఘమును హ్రస్వము చేయుటకు భాషలో కారణము చూపవలెను. మన కోరిక కారణము కాదు.

ఇక సముద్రమును దాటుదము. నెల్లూరు తీరమునుండి నైరృతిగా హిందూమహాసముద్రమున మడగాస్కరు ద్వీపము కలదు. ఆ ద్వీపవాసుల మలగాసీ భాషలో బియ్యమునకును వరిపంటకును ‘వరి’ యనియే పేరు. రూపము మనదే, అర్థము మనదే. నావలెక్కి పోయిన తెలుగు వర్తకులే ఆ పదమును అచ్చట నాటిరని ఉప్పొంగుటకు ఇంతకంటె మంచి అవకాశము దొరకదు. ద్రావిడసంబంధమును ప్రతిపాదించిన పండితులును లేకపోలేదు. కాని మలగాసీ ఆఫ్రికా తీరమున నున్నను ఆ ఖండపు భాష కాదు. బోర్నియో ద్వీపపు ఆగ్నేయభాగమున మాట్లాడు మాన్యాన్ భాషకు అది దగ్గరి చుట్టమని నార్వే దేశీయుడు డాల్ 1951లో నిరూపించెను. ఆ కుటుంబపు పదాది బకారము మలగాసీలో వకారమగుట సూత్రము. మలయు భాషలో రాయి ‘బతు’, మలగాసీలో ‘వతు’. అచ్చట చంద్రుడు ‘బులన్’, ఇచ్చట ‘వులన’. బోర్నియోలోని న్గాజు భాషలో అన్నమునకు ‘బరి’ యని పేరు. బరి వరి యగుట ఆ సూత్రమునకు సరిగా లోబడియున్నది. కనుక తెలుగు వరికిని మలగాసీ వరికిని గల సామ్యము, ఎంత మనోహరమైనను, బోర్నియో సాక్ష్యము ముందు బలహీనమగును. ఆ ‘బరి’యే మరొకచోటి నుండి అరువు వచ్చినదా యను ప్రశ్న వేఱు, దానికి వేఱు ప్రమాణములు కావలెను.

మరికొంత దూరము పోయినచో హాస్యమే మిగులును. ఇటలీ భాషలో ‘వరి’ యనగా వివిధములు. జపాను భాషలో ‘వరి’ యనగా వంతు, పదింట ఒక పాలు. బ్రెజిలు దేశపు అడవులలోని ఒక జాతి తమ భాషలో తమను ‘వరి’ యని చెప్పుకొందురు. ఆ మాటకు ‘మనము’ అని యర్థము. జపాను ‘వరి’కి పాలు అను నర్థమున్నదని చూచి, తమిళ ‘వరి’లోని పన్నుతో దానిని ముడివేయ మనసుపడువాడు సుసుము ఒహ్నో ఉదాహరణమును తలచుకొనవలెను. జపాను తమిళముల సంబంధమును సాధించుటకు ఆ పండితుడు చిరకాలము పాటుపడి వందలకొలది పదములను జతచేసెను. భాషాశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని అంగీకరింపలేదు. జతల సంఖ్య పెరిగినంతమాత్రమున సూత్రము పుట్టదు.

ధాన్యవాచకముల విచారమున వేదభాషను, గ్రీకును కూడ తడవుట ఆచారమైనది. ‘వ్రీహి’ శబ్దము ఋగ్వేదమున లేదు, అథర్వవేదమున కలదు. పారసీకమున ‘బిరింజ్’ కలదు. గ్రీకుల ‘ఒరుజ’ శబ్దము తమిళ ‘అరిశి’నుండి పోయినదని కాల్డ్వెల్ నాటి నుండి చెప్పుచున్నారు, ఇరానీ భాషల ద్వారమున పోయినదనుట నేడు బలవత్తరమైన పక్షము. వ్రీహికిని ద్రావిడరూపములకును గల పోలిక విచారణకు యోగ్యమైనదే. ఇందు మూడు నాలుగు వర్ణములు వరుసగా కలియుచున్నవి; వస్తువు ఒకటి; ప్రాంతములు పొరుగువి. ఈ పోలికకును ఇటలీ పోలికకును గల తారతమ్యమే శాస్త్రమునకును వినోదమునకును గల తారతమ్యము.

తుదకు నెల్లూరు పేరును గూర్చి ఒక మాట. ‘నెల్’ తమిళమున వడ్లు గనుక నెల్లూరు వడ్ల ఊరని ఒక వాదము. ‘నెల్లి’ చెట్టు క్రింద శివలింగము వెలసెననియు, అందువలన ఊరికి ఆ పేరు వచ్చెననియు మూలస్థానేశ్వరుని స్థలపురాణము. తమిళ మలయాళ కన్నడములలో నెల్లి యనగా ఉసిరిక. తెలుగున ఆ పేరు మరియొక ఓషధీవృక్షమునకును కలదు. మొదటి వాదమును పట్టుకొని ఊరే తమిళులదని కొందరును, రెండవదానిని పట్టుకొని అది తెలుగే యని కొందరును కలహించుట కద్దు. నెల్లి తమిళమునను కలదు గనుక రెండవ వాదము తెలుగువారికి ఏ లాభమును చేకూర్పదు. వడ్ల ఊరిలో ఎవరు వడ్లు పండించిరో మొదటి వాదము చెప్పదు. ఊరి పేరున తమిళపు నెల్లు, ఊరి పొలమున తెలుగు వరి కలిసియుండుట ఈ సీమకు లోపము కాదు, స్వరూపము. పదమును బట్టి నేలకు యజమానిని నిర్ణయించువారు నేలను గాని పదమును గాని గౌరవించినవారు కారు.

కనుక చిన్నపదమును పరీక్షించునపుడు మూడు ప్రశ్నలను క్రమము తప్పక అడుగవలెను. ఈ ధ్వని ఆ భాషలో ఏ సూత్రమును బట్టి ఇట్లు నిలిచినది? ఈ అర్థమునకు ఆ భాషలో మరియొక వాడుక సాక్ష్యము కలదా? ఈ రెండు భాషలవారు ఆ వస్తువుతో కలిసియుండిన కాలము, తావు చూపగలమా? మూడింటికిని సమాధానము దొరకినచో సంబంధము చెప్పవచ్చును. ఒకటి దొరకనిచో సందేహము చెప్పవలెను. ఒక్కటియు దొరకనిచో ఊరకుండవలెను. అరిగాపు అను ఒక్క సమాసము రెండవ ప్రశ్నకు సమాధానమై, పుల్లరిని తెలుగుదిగా నిలబెట్టినది. అట్టి సమాసములు నెల్లూరి శాసనములలోను, కొమ్ములవారి పాటలలోను, రైతుల వాడుకలోను ఇంకను చెదరియున్నవి. మొదటి రెండును అచ్చులో కొంతవరకు దొరకును. మూడవది మాటలాడువారితోనే పోవును. మాండలిక పదసేకరణకు పూనుకొను విద్యార్థులు ఈ తీరమున మొదట వినవలసినది ఆ మూడవదానినే.